ద్రాక్ష పూత

మూర్తి డాక్టరమ్మను మూడు వారాల గడువు అడిగినప్పుడు భానుమతి తలవంచుకుని తన హ్యాండ్‌బ్యాగ్ జిప్పు వైపు చూస్తూ కూర్చుంది. ఆ క్షణాన తను నోరు తెరిచి "వద్దండీ" అని ఉంటే ఆయన మానుకునేవాడే. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో భార్య ససేమిరా అన్న పని ఆయన ఏదీ చేయలేదు. కానీ ఆమె అనలేదు. జిప్పు చివర వేలాడే తోలుముక్కను వేళ్లతో మెలిపెడుతూ ఊరుకుంది. తర్వాత చాలా కాలం ఆమెకు ఆ తోలుముక్క కళ్ల ముందు ఆడుతూనే ఉండేది.

మూర్తికి అప్పుడు అరవై మూడేళ్లు. రాజమండ్రి మనిషి. కెమిస్ట్రీ చదివి, పీహెచ్‌డీకని న్యూజెర్సీ వచ్చి, పిస్కాటవే దగ్గర తిండి పదార్థాలకు రుచీ వాసనా తయారుచేసే ఒక కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. పిల్లల దగ్గు మందులో ద్రాక్షపండు వాసన, పెరుగు కప్పులో మామిడిపండు రుచి, చిప్స్ మీద నిమ్మకాయ ఘాటు. ఇలాంటివన్నీ చిన్న చిన్న సీసాల్లో కలిపి, సన్నటి కాగితపు ముక్కలు అందులో ముంచి, వాసన చూసి, నచ్చక మళ్లీ కలపడమే ఆయన ఉద్యోగం. ఇంటికి ఎవరైనా వస్తే గుమ్మంలోనే, "పొద్దున మీ ఇంట్లో మెంతికూర పప్పాండీ?" అని అడిగి తబ్బిబ్బు చేసేవాడు. భానుమతి సంగతి వేరు. చిన్నప్పటి నుంచి వదలని సైనస్ వల్ల ఆమెకు వాసనలు సగమే తెలిసేవి. స్టవ్ మీద పాలు మాడితే మేడమీద గదిలో ఉన్న ఆయనే పరుగున దిగొచ్చి ఆపాల్సి వచ్చేది.

అంతకు ముందు ఏడాది ఆయనకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఏడు వారాలు రేడియేషన్ ఇచ్చారు. తగ్గిందన్నారు. నోటికి రుచి మెల్లగా తిరిగొచ్చింది కానీ గొంతు బొంగురుగానే ఉండిపోయింది. ఏప్రిల్‌లో స్కాన్ తీస్తే అదే చోట మళ్లీ కనిపించింది. ఇక స్వరపేటిక మొత్తం తీసేయడం తప్ప దారి లేదని సర్జన్ చెప్పింది. మెడ కింది భాగంలో చిన్న రంధ్రం పెడతారు. ఊపిరి ఇకపై అక్కడి నుంచే. గొంతు పోతుంది, మెషీన్‌తో మాట్లాడటం నేర్పిస్తారు.

"వాట్ అబౌట్ స్మెల్?" అని అడిగాడు మూర్తి.

గాలి ముక్కు గుండా పోదు కాబట్టి వాసన దాదాపుగా తెలియదని, దాంతో రుచి కూడా చాలావరకు పోతుందని ఆమె నెమ్మదిగా చెప్పింది. గొంతు పోతుందన్నప్పుడు తల ఊపిన మనిషి, ఈ మాటకు రెండు చేతులతో కుర్చీని పట్టుకున్నాడు.

ఆమె క్యాలెండర్ తెరిచి మే పదిహేడు అంది. జూన్ ఎనిమిదికి మార్చడం కుదురుతుందా అని ఆయన అడిగాడు. ఎందుకని ఆమె అడిగితే, "దేరీజ్ ఎ ఫ్లవర్ ఐ వాంట్ టు స్మెల్," అన్నాడు. తను సరిగ్గా విన్నదో లేదో తెలియక డాక్టరమ్మ భానుమతి వైపు చూసింది. మూడు వారాల్లో బహుశా పెద్ద తేడా రాకపోవచ్చు గానీ మాట ఇవ్వలేననీ, తనైతే ఆగననీ చెప్పింది. భానుమతి మాట్లాడాల్సిన సమయం అదే.

ఆ పువ్వు సంగతి ఆమెకు కొత్త కాదు. ఆఫీసులో మూర్తికి పని నేర్పిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన తాతలది ఇటలీలో మోంతెఫాల్కో అనే కొండమీది ఊరు. అక్కడ ద్రాక్ష పూసినన్నాళ్లూ, మహా అయితే పది రోజులు, గాలిలో ఒక వాసన తేలుతుందనీ, దాన్ని సీసాలోకి ఎక్కించడం తమ వల్ల కాదనీ ఆయన చెబుతుండేవాడట. జీవితమంతా ద్రాక్ష వాసన తయారుచేసిన మూర్తి ద్రాక్ష పూత వాసన ఒక్కసారి కూడా చూడలేదు. ఏటా మే నెల వచ్చేసరికి కూతురి పరీక్షలో, ఆఫీసు పనులో, ఎవరిదో గృహప్రవేశమో అడ్డొచ్చేవి.

"న్యూజెర్సీలో లేవా ద్రాక్షతోటలు? అరగంట డ్రైవ్‌లో పోయి చూసి రావచ్చుగా," అంది భానుమతి కార్లో.

"ఉన్నాయి. కానీ గురువుగారు చెప్పింది ఆ కొండది. మంచి తిండి కూడా తినాలని ఉంది భానూ. ఒక్కసారి, కడుపారా," అన్నాడు.

ఇలినాయ్‌లో, అరోరాలో ఉంటున్న కూతురు బిందుమాధవికి ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. వాళ్లకు ఒక్కతే కూతురు, ఫిజికల్ థెరపిస్టు. రోజూ రోగులతో మసలే పిల్ల కాబట్టి విషయం ఆమెకు చప్పున అర్థమైంది.

"అమ్మా, ఆర్ యూ సీరియస్? క్యాన్సర్‌కి మూడు వీక్స్ ఎవరైనా ఇస్తారా? ఫర్ ఎ ఫ్లవర్?"

"డాక్టర్ పెద్ద తేడా రాదంది కదమ్మా."

"ప్రాబబ్లీ అంది. ప్రాబబ్లీ అంటే ఓకే కాదు. నువ్వు చెప్పు నాన్నకి. నువ్వు చెప్తే వింటాడు."

భానుమతి ఫోన్ ఆయన చేతికిచ్చింది. "వచ్చాక అన్నీ మాట్లాడుకుందాం తల్లీ," అన్నాడు మూర్తి తన బొంగురు గొంతుతో. "తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం."

మే ఆఖరి శనివారం వాళ్లు న్యూవర్క్‌లో విమానమెక్కారు. రోములో దిగి, కారు మాట్లాడుకుని, మధ్యాహ్నం దాటాక మోంతెఫాల్కో చేరారు. దారి పొడవునా ఆలివ్ చెట్లూ, వాటి మధ్య వరసలు కట్టిన ద్రాక్షతీగలూ. ఊరి చుట్టూ ఎత్తైన రాతిగోడ. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట కట్టిందట. గోడలో కోట గుమ్మం లాంటి ద్వారం, దాని కింది నుంచి సూటిగా పైకెక్కే రాళ్లు పరిచిన సందు. కొండ నెత్తిన గుండ్రటి వీధి కూడలి. అక్కడి నుంచి నాలుగు వైపులా సందులు కిందకి జారిపోతున్నాయి. ఏ సందు చివర నిలబడ్డా కింద లోయ మొత్తం కనిపిస్తుంది, దూరంగా వేరే కొండల మీద ఇలాంటివే మరికొన్ని ఊళ్లు. మూర్తి పది అడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. భానుమతి ఆయన అలసిపోయాడనుకుంది. కాసేపటికి గాని తెలియలేదు, ఆయన వాసన చూస్తున్నాడని.

"తడి రాయి," అన్నాడు. "ఎవరో కట్టెల పొయ్యి ఆర్పేశారు ఇప్పుడే. ఎక్కడో దగ్గర్లో వైన్ పీపాలున్నాయి, ఆ పుల్లటి వాసన అదే. నీకు వస్తోందా?"

"కొంచెం," అంది ఆమె. కట్టెల వాసన మాత్రం నిజంగానే కొంచెం వచ్చింది.

వాళ్లు దిగిన ఇల్లు అస్సుంటా అనే డెబ్భై ఏళ్ల ఆవిడది. మేడమీద రెండు గదులు అద్దెకిచ్చి, కింద వంటింట్లో బస చేసినవాళ్లకు తనే వండిపెడుతుంది. ఆమెకొచ్చిన ఇంగ్లీషు గట్టిగా ఇరవై మాటలు. మూర్తి గొంతు వినగానే మాట ఆపి, ఆయన మెడ వైపు వేలు చూపించి, భానుమతిని కళ్లతోనే అడిగింది. భానుమతి కూడా మాటలేమీ లేకుండా తలాడించింది. ఆవిడ లోపలికి వెళ్లి, మెత్తటి ఊలు మఫ్లర్ తెచ్చి మూర్తి మెడకు తనే చుట్టింది. వెళ్లేదాకా ఆయన దాన్ని తీయలేదు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా గోడల మీద ఉండగానే భోజనానికి పిలిచింది. ముందు నిప్పుల మీద కాల్చిన రొట్టె, దాని మీద వెల్లుల్లి రుద్ది పచ్చటి ఆలివ్ నూనె పోసింది. మూర్తి ఒక ముక్క కొరికి కళ్లు మూసుకున్నాడు. తర్వాత పచ్చి చిక్కుడు లాంటి గింజలు, ఉప్పటి గొర్రెపాల చీజ్‌తో. గింజలు వలిచి నోట్లో వేసుకోవాలని ఆవిడ చేసి చూపించింది. ఆ తర్వాత పక్క కొండల్లో పండిన సన్నటి కందిరంగు పప్పుతో చారు. భానుమతి మాంసం తినదని తెలిసి ఆవిడ చేత్తో కోసిన లావుపాటి సేమ్యా లాంటిది వండి, మీద నల్లటి ట్రఫుల్ తురిమి పెట్టింది. మట్టిలో పెరిగే దుంప లాంటి పుట్టగొడుగు అది.

"ఇది పప్పేనండీ, మన పప్పే," అని భానుమతి చారు రెండోసారి పోయించుకుంది.

"ఇంగువ వేస్తే మనదే," అన్నాడు మూర్తి. రేడియేషన్ తర్వాత నోరు ఆరిపోతుంటుంది కాబట్టి ముద్దముద్దకీ నీళ్లు తాగుతూ, ఆపి ఆపి తింటున్నాడు. అయినా ప్లేటు ఖాళీ చేశాడు. అలా తిని ఏడాది దాటింది.

వైన్ పేరు సగ్రంతీనో. ఆ కొండ చుట్టుపక్కల పండే ద్రాక్ష అది. నల్లగా, చిక్కగా ఉంది. భానుమతి పార్టీల్లో ఎవరైనా బలవంతం చేస్తే పెదవి తడుపుకోవడమే తప్ప ఎప్పుడూ తాగింది లేదు. ఆ రోజు తనే గ్లాసు ముందుకు జరిపింది. ఒక గుక్క తాగగానే నాలుక, చిగుళ్లు పట్టేసినట్టయ్యాయి.

"అబ్బ, ఏమిటండీ ఇది!"

"వగరు," అన్నాడు మూర్తి నవ్వుతూ. "ఇంగ్లీషులో దీనికి మాట లేదు భానూ. ఆస్ట్రింజెంట్ అంటారు, అది మందులషాపు మాట. ఇరవై ఎనిమిదేళ్లు మీటింగుల్లో ఆ మాటే వాడాను. వగరు అంటే ఎవరికి తెలుస్తుంది? నేరేడుపళ్లు తిని నాలుక బయటపెట్టి చూసుకునేవాళ్లం కదా, అదీ ఇది." గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ అన్నాడు: "నల్లటి పండ్లు. కాస్త తోలు చెప్పుల వాసన. వెనకాల ఎండిన గులాబీ. నువ్వు తొందరపడకు. మొదట నోరు మూసుకుని ముక్కుతో పీల్చు."

ఆయన చెప్పినట్టే చేసింది. ఆమెకు నేరేడుపండు ఒక్కటే తెలిసింది. అది తెలిసినందుకే ఆయన బల్ల మీద చేయి కొట్టి సంతోషపడ్డాడు. రెండో గ్లాసు సగానికి వచ్చేసరికి భానుమతి ముఖం వెచ్చబడి, ఎందుకో పెళ్లినాటి కబుర్లు మొదలుపెట్టింది. పెళ్లిచూపుల్లో ఆయన కాఫీ తాగి, "ఇందులో చికోరీ పాళ్లు ఎక్కువయ్యాయి" అన్నాడని, ఆ మాటకు తన తండ్రి సంబంధం వదిలేద్దామన్నాడని చెప్పి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. అంతలా నవ్వుతున్నందుకు మధ్యలో ఒకసారి భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే అస్సుంటా వాళ్లను కొండ కిందున్న తన అల్లుడి తోటకు తీసుకువెళ్లింది. తీగల మీద ఆవగింజంత పచ్చటి మొగ్గలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక్కటీ విచ్చుకోలేదు. ఆ ఏడు చలి ఆలస్యంగా తగ్గిందట. ఆవిడ ఒక గుత్తి కింద వేలు ఉంచి, "దొమాని," అంది. దొమాని అంటే రేపు అని వాళ్లకు రెండో రోజుకు అర్థమైంది. మూడో రోజు, నాలుగో రోజు కూడా ఆవిడ అదే మాట అంది. బుధవారం నుంచి మూర్తే మొగ్గల్ని చూసి ఆవిడ కన్నా ముందు "దొమాని" అనేవాడు, ఇద్దరూ నవ్వేవాళ్లు.

మధ్యాహ్నాలు ఊళ్లో తిరిగేవాళ్లు. గోడ వెంబడి నడిచి, అలసిపోతే ఎక్కడో ఒక అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి తినేవాళ్లు. మూర్తి ఆ వారమంతా మాట్లాడుతూనే ఉన్నాడు. డాక్టర్ గొంతుకు విశ్రాంతి ఇవ్వమంది. "దేనికోసం దాచుకోను?" అన్నాడు. రాజమండ్రిలో వాళ్ల మేనత్త పెట్టే ఆవకాయ ఏ ఏడు ఏ రుచిలో ఉండేదో, కంపెనీలో తను చేసిన మొట్టమొదటి ద్రాక్ష వాసన ఎలా ఫెయిలయిందో, బిందు పుట్టిన రోజు ఆస్పత్రి గదిలో ఏ వాసన వచ్చిందో, అన్నీ చెప్పాడు. చాలావరకు ఆమె విన్నవే. మధ్యలో ఎక్కడా "విన్నానండీ" అనలేదు. గురువారం నుంచి గొంతు గాలిలా వచ్చేది, మాట కోసం ఆమె ఆయన పెదవుల దగ్గరికి వంగాల్సి వచ్చేది.

శనివారం మధ్యాహ్నం వాళ్లు బయలుదేరాలి. ఆ పొద్దున అస్సుంటా పరుగులాంటి నడకతో మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది. తోట చివర దక్షిణపు గోడను ఆనుకున్న వరసలో, రాళ్ల వెచ్చదనానికి కొన్ని గుత్తులు విచ్చుకున్నాయి. రేకులు లేవు. చిన్న పచ్చ టోపీలు రాలిపోయి సన్నటి కేసరాలు మాత్రం బయటికొచ్చాయి. దాన్ని పువ్వంటారని ఎవరైనా చెబితే గాని తెలియదు. మూర్తి మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. మఫ్లర్ కిందికి లాగాడు. ఆ గుత్తికి ముఖం ఆనించకుండా, నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, ఊపిరి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. భుజాలు కదిలాయి. అస్సుంటా భానుమతి చేయి పట్టుకుని రెండడుగులు వెనక్కి తీసుకువెళ్లి నిలబడింది.

చాలాసేపటికి ఆయన చేయి ఊపి భార్యను పిలిచాడు. ఆమె పక్కన కూర్చుని వాసన చూసింది. మట్టి వాసన కూడా తెలియలేదు ఆమెకు. ఆ చలిగాలికి ముక్కు బిగుసుకుపోయి ఉంది. మళ్లీ చూసింది. ఏమీ లేదు.

"వచ్చిందా?" అన్నాడు ఆయన. ఆ ముఖంలో అంత ఆశ ఆమె ఎన్నడూ చూడలేదు.

"వచ్చిందండీ."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అనేది వాసన కాదు," అని నవ్వాడు. "సరే, ఇప్పుడు చెప్పకు. నేనూ చెప్పను. ముందు నేను చెప్తే నా మాటే నీ ముక్కుకి ఎక్కుతుంది. మా ల్యాబ్‌లో అదే రూలు. నువ్వు నీ అంతట గుర్తుంచుకో. తర్వాత నాకు నువ్వే చెప్పాలి."

ఆమె తల ఊపింది. కారు కొండ దిగుతున్నప్పుడు ఆయన కిటికీ అద్దం దించి, మలుపు తిరిగేదాకా ముఖం బయటికి పెట్టుకునే కూర్చున్నాడు.

బిందు ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి మూర్తి గొంతు పూర్తిగా పడిపోయింది. తండ్రీ కూతుళ్లు సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. ఆయన ఏదో చెప్పబోయాడు, గాలి తప్ప మాట రాలేదు. ఆమె తండ్రి చేయి తన ఒళ్లో పెట్టుకుని టీవీ వైపు చూస్తూ కూర్చుంది.

ఆపరేషన్ ఎనిమిది గంటలు పట్టింది. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఎడమ వైపు మెడ గ్రంథుల్లో రెండింటికి క్యాన్సర్ పాకింది. ఏప్రిల్ స్కాన్‌లో అది లేదు. భానుమతి ఆస్పత్రి వరండాలో డాక్టరమ్మను ఒంటరిగా పట్టుకుని, మే పదిహేడునే చేసుంటే ఉండేది కాదా అని అడిగింది. అప్పటికే ఉండి స్కాన్‌కి దొరక్కపోయి ఉండొచ్చు, లేకపోనూ ఉండొచ్చు, ఎవరూ చెప్పలేరు అంది ఆమె. తిట్టినా భానుమతికి అంతకన్నా నయంగా ఉండేది. గ్రంథులకు పాకిన సంగతి కూతురికి చెప్పాలో వద్దో తేల్చుకోలేక రెండు రోజులు దాచింది. బిందు రిపోర్టు ఫోన్‌లోనే చదివేసుకుందని తర్వాత తెలిసింది.

మెషీన్‌తో మాట్లాడటం మూర్తికి నచ్చలేదు. మెడకు ఆనించి నొక్కితే ఒకే స్థాయిలో గీరే మోత వచ్చేది. అందులో తెలుగు తెలుగులాగే ఉండేది కాదు. నోట్‌బుక్‌లు తెప్పించుకుని రాయడం మొదలుపెట్టాడు. అన్నం ముందు పెడితే కర్తవ్యంలా తిని లేచేవాడు. ఒక రోజు భానుమతి పొరపాటున చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆయన ఒక్క చుక్క వదలకుండా తాగేశాడు. తర్వాత తను తిన్నప్పుడు గాని ఆమెకు తెలియలేదు. ఆ రోజు సింకు దగ్గర నిలబడి ఏడ్చింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆయన నోట్‌బుక్ ఆమె ముందుకు జరిపాడు. "ఇప్పుడు చెప్పు. ద్రాక్ష పూత ఎలా ఉంది?" అని రాసి ఉంది.

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. సమాధానం కూడా తయారు చేసుకుంది. "సన్నజాజిలాగా ఉందండీ. కాస్త తేనె కలిపినట్టు. దూరం నుంచి వచ్చినట్టు," అంది.

ఆయన ఆమె ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు. కలం తీసుకుని రాశాడు: "ఆ రోజు నీకు వాసన రాలేదు కదూ?"

భానుమతి తల అడ్డంగా ఊపింది. "రాలేదండీ. మీరు అంత ఆశగా అడిగితే రాలేదని చెప్పలేకపోయాను."

ఆయన నోట్‌బుక్ మూసి, లేచి పైకి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఏమీ రాయలేదు. కాఫీ కావాలా అంటే తల ఊపడమే. మూడో రోజు పొద్దున బల్ల మీద నోట్‌బుక్ తెరిచి ఉంది. "తప్పు నాది. అప్పుడే నేను చెప్పి ఉండాల్సింది. గొంతు ఉన్నప్పుడే." దాని కింద వాసన గురించి రాయడానికి మొదలుపెట్టి కొట్టేసిన వాక్యాలు, పేజీ నిండా. అన్నింటి కిందా చిన్న అక్షరాలతో, "రావడం లేదు" అని.

నవంబరులో స్పీచ్ థెరపిస్టు ఒక చిట్కా నేర్పింది. పెదవులు మూసుకుని లోపలే ఆవలించాలి, ఎవరూ చూడకుండా ఆవలింత దాచుకున్నట్టు. అప్పుడు నోట్లో ఖాళీ ఏర్పడి ముక్కులోకి గాలి కాస్త లాగుతుంది. కొందరికి వాసన తిరిగి తెలుస్తుందట. మూర్తి రోజూ సోఫాలో కూర్చుని, ఎవరిదో ఉపన్యాసం వింటూ నిద్ర ఆపుకుంటున్నట్టు బుగ్గలు లోపలికి పీలుస్తూ ప్రాక్టీస్ చేసేవాడు. వారాలు గడిచాయి. ఏమీ తెలియలేదు. అయినా మానలేదు.

డిసెంబరులో ఒక రోజు భానుమతి పోపు వేస్తుంటే వెనక బల్ల మీద ఎవరో దబదబా బాదినట్టయింది. కంగారుగా తిరిగి చూసింది. మూర్తి నిలబడి, నోట్‌బుక్ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. పేజీ అంత పెద్ద అక్షరాలతో, "ఇంగువ!" ఆమె గరిటె పక్కన పడేసి ఆయన దగ్గరికి పరుగెత్తింది. పోపు మాడిపోయింది, ఆ మాడు వాసన కూడా ఆయనకే ముందు తెలిసింది. ఆ సాయంత్రమంతా ఆయన చిన్నపిల్లాడిలా ఇల్లంతా తిరిగాడు. సబ్బు, కాఫీ డబ్బా, తన పాత బూట్లు, భానుమతి జడ. మునుపటిలో పదో వంతు, అని రాశాడు. కానీ వచ్చింది. ఆ నెలన్నర ఆయన మళ్లీ వంటింట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉప్పు తక్కువైందని రాసి ఆమె చేత తిట్లు తిన్నాడు.

ఫిబ్రవరిలో తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. ఏప్రిల్ పంతొమ్మిదిన, ఇంట్లోనే, మధ్యాహ్నం పూట, మూర్తి పోయాడు. అప్పుడు భానుమతి ఆయన పాదాలకు నూనె రాస్తోంది. బిందు కిటికీ దగ్గర ఉంది.

పన్నెండో రోజు కార్యక్రమం అయిపోయి, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, గిన్నెలు సర్దుతూ బిందు చేతిలో ఉన్నది పక్కన పెట్టేసింది. "నువ్వు నో అని ఎందుకు చెప్పలేదమ్మా? వన్ వర్డ్. నువ్వు నో అంటే నాన్న ఆగేవాడు. యూ న్యూ దట్."

"తెలుసు," అంది భానుమతి.

"మరి?"

"ఆయన అడిగారు. నేను కాదనలేకపోయాను."

"నేను కూడా అడిగాను నిన్ను," అంది బిందు. ఆ మర్నాడే అరోరా వెళ్లిపోయింది. తర్వాత ఫోన్ చేసినా పొడిపొడిగా, తిన్నావా, మందులు వేసుకున్నావా, అంతే.

జులైలో తండ్రి బట్టలు సర్దడానికని వారం రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. మూడో రోజు పొద్దున ఇద్దరూ పడగ్గదిలో మంచం మీద చొక్కాలు పేర్చుకుని కూర్చున్నారు. కొన్ని గుడికి, కొన్ని చారిటీకి. బిందు ఒక చొక్కా మడత విప్పి మళ్లీ మడుస్తూ తల ఎత్తకుండానే అంది.

"అమ్మా, ఐ రెడ్ ఎవ్రీథింగ్. మెడికల్ పేపర్స్ అన్నీ చదివాను. మూడు వీక్స్ వల్ల ఏమీ కాకపోయి ఉండొచ్చు. దట్స్ నాట్ వై అయామ్ యాంగ్రీ."

భానుమతి చేతిలో పని ఆపింది.

"నాన్న గొంతు ఉన్న లాస్ట్ వీక్ అది. మొత్తం నీకే చెప్పాడు. నేను వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. నా ఫోన్‌లో నాలుగు వాయిస్ మెసేజెస్ ఉన్నాయి. నాలుగూ, తీరికైతే కాల్ చెయ్యి తల్లీ అనే." బిందు చొక్కా మడత మళ్లీ విప్పింది. "నన్ను ఎందుకు రమ్మనలేదు మీరు? నేను వచ్చేదాన్ని. అరుస్తూ అయినా వచ్చేదాన్ని."

మాకు తోచలేదమ్మా అనబోయింది భానుమతి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నిజం కాదు. టికెట్లు బుక్ చేస్తున్నప్పుడు మూర్తే అడిగాడు, బిందుని కూడా పిలుద్దామా అని. దానికి సెలవు దొరకదులెండి, వచ్చినా కోప్పడుతూనే ఉంటుంది అని తనే చెప్పింది.

"తోచింది," అంది. "మీ నాన్న పిలుద్దామన్నారు. నేనే వద్దన్నాను. ఆ వారం ఆయన నాకొక్కదానికే కావాలనిపించింది బిందూ. నువ్వొస్తే సగం నీకు పోతుందని అనిపించింది."

ఆ మాట చెప్పాక భానుమతి కూతురి ముఖం వైపు చూడలేకపోయింది. బయట ఎవరో లాన్ కోస్తున్నారు. బిందుకు కోపమొచ్చిందో, ఏడుపొచ్చిందో తెలియలేదు. చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. తర్వాత మంచానికి అటు వైపు నుంచి లేచి, తిరిగి వచ్చి, తల్లి పక్కన కూర్చుంది.

"ఐ వుడ్ హావ్ డన్ ద సేమ్," అంది చివరికి, నీరసంగా. "కానీ నువ్వు అలా చెయ్యకుండా ఉండాల్సింది."

"అవునమ్మా," అంది భానుమతి. "చెయ్యకుండా ఉండాల్సింది."

మిగిలిన చొక్కాలు ఆ పూటకి అలాగే వదిలేశారు. బిందు వారం అనుకున్నది, ఇంకో మూడు రోజులు ఉండి వెళ్లింది.